మీ ప్రశ్నలు, నా జవాబులు: చిన్నపిల్ల వేషం, పెద్ద గొంతు

కిందటి సంచికలో డియానా డర్బిన్ గురించి నాలుగు ముక్కలు రాశాను. 1930లలో హాలీవుడ్ మ్యూజికల్స్‌లో పాడే పిల్లగా దేశదేశాల్లో పేరు తెచ్చుకుని, 27 నిండకుండానే ఆఖరి సినిమా ముగించి వెళ్లిపోయిన మనిషి. ఆ నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేననుకోలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆమెకే. రాగాల గురించి అడిగినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి.

ప్ర: మేడమ్, డర్బిన్, ఇంకో పాడే తార జూడీ గార్లండ్ ఇద్దరూ మొదట ఒకే కంపెనీలో ఉండేవారట. పెద్దాయన "ఆ లావు పిల్లను పంపించేయండి" అంటే కిందివాళ్లు పొరపాటున డర్బిన్‌ని పంపించేశారట. నిజమేనా?

జ: ఈ కథ చెప్పేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. అలాంటి కథల్ని నేను నమ్మను. జరిగిందని గట్టిగా తెలిసింది ఇది. ఎర్నెస్టైన్ షూమన్-హైంక్ అని పేరున్న ఒపెరా గాయని ఉండేది (ఒపెరా అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం). ఆవిడ జీవితం మీద ఎమ్‌జీఎమ్ కంపెనీ ఒక సినిమా తలపెట్టింది. ఆ సినిమాకు బాగా పాడగల పిల్ల కావాలి. అలా 1935లో ఎడ్నా మే డర్బిన్ దొరికింది. డియానా అన్నది తర్వాత పెట్టిన పేరు. కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టి, పసితనంలోనే కాలిఫోర్నియా చేరిన కుటుంబం వాళ్లది. ఇంతలో గాయనికి జబ్బు చేసింది, సినిమా అటకెక్కింది. ఒపెరా గొంతున్న పద్నాలుగేళ్ల పిల్లను ఏం చేసుకోవాలో ఆ కంపెనీకి అర్థం కాలేదు. ఒప్పందం గడువు ముగిసింది, యూనివర్సల్ కంపెనీ ఆమెను తీసుకుంది. గార్లండ్ ఎమ్‌జీఎమ్‌లోనే ఉండిపోయింది.

ఇద్దరూ కలిసి కనిపించింది ఒకే ఒక్క చిన్న సినిమాలో. పేరు 'ఎవ్రీ సండే', 1936 నాటిది, పదకొండు నిమిషాలే. పార్కులో ఆదివారం కచేరీలకు జనం రావడం లేదని వాటిని ఆపేయబోతారు. ఇద్దరు పిల్లలు వెళ్లి పాడి ఆ కచేరీని నిలబెడతారు. కథ అంతే. కానీ ఒక్కసారి చూడండి. డర్బిన్ నోరు తెరిస్తే ఏళ్ల తరబడి సాధన చేసిన సొప్రానో వినిపిస్తుంది. అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే పై స్థాయి. గార్లండ్‌ది జాజ్ ఊపు, కింది స్థాయి నుంచి నేరుగా గుండెల్లోంచి వచ్చే గొంతు. వయసులో ఇద్దరికీ ఆరు నెలలే తేడా. ఎవరు గొప్ప అని నన్ను అడక్కండి. అది పోటీయే కాదు, రెండు వేర్వేరు విద్యలు.

ప్ర: ఆ పాటలు ఆమే పాడిందా? వేరే గాయని చేత పాడించారేమోనని మా ఇంట్లో వాదన జరుగుతోంది.

జ: ఆమే పాడింది. మీ ఇంట్లో ఎవరు గెలిచారో నాకు తెలియదు గానీ గొంతు మాత్రం ఆమెదే. ఒక సంగతి ఉంది. మ్యూజికల్స్‌లో పాటను ముందే రికార్డింగ్ థియేటర్లో తీసుకుని, షూటింగ్‌లో ఆ రికార్డు వేసి నటుల చేత పెదవులు కలిపించేవారు. ప్లేబ్యాక్ అనగానే తెర మీద ఒకరు, తెర వెనుక ఇంకొకరు అనుకోవడం మనకు అలవాటు. అక్కడ చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకరే.

ప్ర: అమ్మా, మా అమ్మాయికి పన్నెండేళ్లు, మూడేళ్లుగా పాట నేర్చుకుంటోంది. డర్బిన్ పద్నాలుగేళ్లకే ఒపెరా పాటలు పాడిందంటే, మా అమ్మాయి చేత కూడా పెద్ద పాటలు మొదలుపెట్టించవచ్చా? వాళ్ల టీచర్ ఇంకా వద్దంటున్నారు.

జ: టీచర్ మాట వినండమ్మా. ఏళ్ల తరబడి పిల్లలకు పాట చెప్పినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డర్బిన్‌ని బాలతార అంటాం గానీ, ఆమె గొంతు మాత్రం పిల్ల గొంతు కాదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. వాల్ట్ డిస్నీ స్నోవైట్ పాత్రకు గొంతు వెతుకుతున్నప్పుడు ఈమెను కూడా విన్నారు. గొంతు మరీ పెద్దదానిలా ఉందని వద్దన్నారు. అప్పటికి ఆమెకు పద్నాలుగు అటూ ఇటూ. ఆ కాదనడంలో తప్పేమీ లేదు. ఆమె తొలి సినిమా 'త్రీ స్మార్ట్ గర్ల్స్'లో ఒక పోలీస్ స్టేషన్ దృశ్యం ఉంది. అక్కడ నిలబడి 'ఇల్ బాచో' అనే ఇటాలియన్ వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల తాళంలో నడిచే పాట, పాడుతుంది. అదే పాటను 'ఎవ్రీ సండే'లోనూ పాడింది. కళ్లు మూసుకుని వినండి. పాతికేళ్ల మనిషి కనిపిస్తుంది. కళ్లు తెరిస్తే గౌను వేసుకున్న పిల్ల. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడానే యూనివర్సల్ కంపెనీ సరుకు. దాన్నే పన్నెండేళ్లు అమ్ముకున్నారు.

అలాంటి గొంతు కోటికొకరికి దొరుకుతుంది. దొరికాక కూడా దాన్ని కాపాడాలి. ఆమెకు ఆంద్రెస్ ది సెగురోలా అనే పూర్వపు ఒపెరా గాయకుడు పాఠం చెప్పేవాడు. సినిమాల్లో ఎంచుకున్న పాటలు కూడా చూడండి. మొదట తేలికైన వాల్ట్జ్‌లు, బాలడ్‌లు. 1937లో వచ్చిన 'వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్'లో మొజార్ట్ 'అల్లెలూయా' పాడింది. మొజార్ట్ దాన్ని 1773లో ఒక పెద్ద గాయకుడి కోసం రాశాడు. స్వరాలు పరుగులు పెడుతూ పోతాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకపోతే మధ్యలోనే చతికిలబడతాం. ఈమె ఎక్కడా గొంతు పెంచి అరవదు. పై స్వరం రాబోతోందనగా ముఖం బిగుసుకోదు, భుజాలు లేవవు. నాకు నచ్చేది అది. మీ అమ్మాయికి చూపించాలనుకుంటే ఆ భుజాలు చూపించండి, పాట కాదు.

మరో ఉదాహరణ కూడా చెబుతాను. అదే రోజుల్లో బాబీ బ్రీన్ అని పాడే పిల్లవాడు ఒకడుండేవాడు. 1936లో సినిమాల్లోకి వచ్చాడు, ఏడాది తిరిగేసరికి ఇంటింటా తెలిసిన పేరయ్యాడు. 1939కల్లా అతని కథానాయక వేషాలు దాదాపు అయిపోయాయి. మగపిల్లల గొంతు పగిలే వయసు ఎవరి కోసమూ ఆగదు కదా. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో మారుతుంది, కాకపోతే అంత గట్టిగా తెలియదు. తెలియదు కాబట్టే పెద్దవాళ్లు తొందరపడతారు. మూడేళ్లు నేర్పిన టీచర్‌కి మీ అమ్మాయి గొంతులో ఏదో వినిపించి ఉంటుంది. ఆగమన్నారు, ఆగండి.

ప్ర: దివాలా తీయబోతున్న యూనివర్సల్ కంపెనీని పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే కాపాడిందని చదివాను. ఇది అతిశయోక్తి కాదా?

జ: కొంత అతిశయోక్తే. కొట్టిపారేయదగ్గదైతే కాదు. 1936లో కంపెనీ స్థాపకుడు కార్ల్ లామ్లే అప్పు తీర్చలేక కంపెనీనే పోగొట్టుకున్నాడు. అప్పిచ్చినవాళ్లు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సరిగ్గా ఆ ఏడాది చివర 'త్రీ స్మార్ట్ గర్ల్స్' వచ్చింది. అందులో ఈ పిల్లది మొదట చిన్న వేషమే. నిర్మాత జో పాస్టర్నాక్, దర్శకుడు హెన్రీ కోస్టర్ ఆమెను చూశాక వేషాన్ని పెంచేశారు. సినిమా విడుదలకు ముందే ఎడీ కాంటర్ రేడియో కార్యక్రమంలో పాడించారు కాబట్టి హాలుకు వచ్చేసరికే జనానికి ఆ గొంతు తెలుసు. ఆ సినిమా, దాని తర్వాతిది, రెండూ ఉత్తమ చిత్రం ఆస్కార్ పోటీలో నిలిచాయి. అయితే కంపెనీ నిలబడటంలో దయ్యాల సినిమాలకూ, కౌబాయ్ సినిమాలకూ, 1941 నుంచి అబట్, కాస్టెల్లో అనే హాస్యజంట కామెడీలకూ వాటా ఉంది. పత్రికలవాళ్లకు ఒక్క పిల్ల కథ అయితే రాయడం సులువు.

ప్ర: పిల్లలు సంపాదిస్తుంటే తల్లిదండ్రులు తినేవారా? డర్బిన్ డబ్బు ఏమైంది?

జ: తిన్నవాళ్లున్నారు. చాప్లిన్‌తో నటించిన జాకీ కూగన్ పెద్దవాడై 1938లో తల్లి మీదా, సవతి తండ్రి మీదా దావా వేశాడు. లక్షల్లో సంపాదించిన పిల్లవాడికి చేతికొచ్చింది దాదాపు 1,26,000 డాలర్లు. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో కొంత భాగం విడిగా దాచాలన్న చట్టం వచ్చింది. ఇప్పటికీ దాన్ని అతని పేరుతోనే పిలుస్తారు. చట్టం వచ్చినంత మాత్రాన అందరికీ దక్కలేదు. ఆ రోజుల్లోనే పెద్ద పేరున్న బాలతార షర్లీ టెంపుల్ తన ఆత్మకథలో రాసుకుంది: 32 లక్షల డాలర్ల సంపాదనలో తన పేర మిగిలింది 44 వేలట. తండ్రి బ్యాంకు ఉద్యోగి, లెక్కలు తెలియనివాడేం కాదు. ఆమె తండ్రిని తిట్టలేదు. అది ఆమె మంచితనం. నేనైతే తిట్టేదాన్ని.

డర్బిన్ సంగతి నయం. 1947లో అమెరికాలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకున్న మహిళ ఆమే. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా సినిమా పని చేయకుండా హాయిగా బతికింది.

ప్ర: మన దేశానికీ ఆమెకూ ఏమైనా సంబంధం ఉందా?

జ: ఒక ఉత్తరం ముక్క ఉంది. 1992లో కలకత్తా ఆస్పత్రి మంచం మీద నుంచే సత్యజిత్ రాయ్ గౌరవ ఆస్కార్ అందుకున్నారు. ఆ ప్రసంగంలో తన స్కూలు రోజులు తలుచుకున్నారు. డియానా డర్బిన్‌కు ఉత్తరం రాస్తే జవాబు వచ్చిందనీ, జింజర్ రోజర్స్‌కు రాస్తే రాలేదనీ చెప్పారు. రాయ్, డర్బిన్ ఇద్దరూ 1921లోనే పుట్టారు. అంటే ఆయన అభిమానించిన తారకు ఆయన వయసే.

దూరాలు దాటిన పేరు ఆమెది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలకు దొరకకుండా, డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ దాక్కున్న గది గోడకు అతికించిన బొమ్మల్లో ఈమె ఫోటో ఉంది. 1943 నాటి 'హిజ్ బట్లర్స్ సిస్టర్'లో రష్యన్ పాటలు రష్యన్‌లోనే పాడింది. సోవియట్ ప్రేక్షకులకు ఆ సినిమా ఎంతో ఇష్టం. యుద్ధం ఓడిన జపాన్‌లో 1946లో మొట్టమొదట ఆడిన అమెరికన్ సినిమాల్లో కూడా అదొకటి.

ప్ర: ఒక్క సినిమా చూడాలంటే ఏది చూడాలి మేడమ్? టైమ్ తక్కువ.

జ: 'ఇట్ స్టార్టెడ్ విత్ ఈవ్', 1941. చావుబతుకుల్లో ఉన్న ముసలాయన కొడుక్కి కాబోయే భార్యను చూడాలంటాడు. సమయానికి ఆ పిల్ల దొరక్క, కొడుకు హోటల్లో టోపీలు భద్రపరిచే అమ్మాయిని తీసుకొస్తాడు. తెల్లారేసరికి ముసలాయనకు నయమైపోతుంది! ముసలాయన చార్లెస్ లాటన్. ఆయన పక్కన నిలబడి తేలిపోని నటులు చాలా తక్కువ. ఈ అమ్మాయి తేలిపోలేదు. పాట కోసం కాదు, నటన కోసం చూడండి. పాట కోసమైతే 'వన్ హండ్రెడ్ మెన్' చూడండి. పనిలేక తిరుగుతున్న వాద్యగాళ్లను పోగేసి ఆర్కెస్ట్రా కట్టిన పిల్ల, వాళ్లను నిజం సంగీత దర్శకుడు స్టొకోవ్‌స్కీ ఇంట్లోకే దొంగతనంగా చేర్చి వాయింపజేస్తుంది. ఆయన చేతులు వాటంతట అవే కదలడం మొదలుపెడతాయి. మాంద్యం రోజుల్లో తీసిన సినిమా, ఉద్యోగం పోయినవాళ్ల ముఖాలు అందులో ఉత్తుత్తివి కావు.

ప్ర: అంత డబ్బు, పేరు వదిలేసి ఎందుకు వెళ్లిపోయింది? సినిమాలు ఆడక వెళ్లిపోయిందని కొందరు, ప్రేమ కోసమని కొందరు అంటారు. మీరేమంటారు?

జ: ఇది అడిగిన ఉత్తరాలే ఎక్కువ. ప్రేమ, ఫ్లాపులు రెండూ కొంత నిజమే. కానీ అసలు కథ పదేళ్ల ముందే మొదలైంది.

ఆమె వేసింది ఒకే పాత్ర. చలాకీ పిల్ల, పెద్దవాళ్లు చిక్కుముడి వేసుకున్న వ్యవహారాల్లో తలదూర్చి విప్పుతుంది, మధ్యలో పాడుతుంది. పదిహేనేళ్లకు అది ముద్దుగా ఉంది. 1939 ఫిబ్రవరిలో మికీ రూనీతో పాటు ఆమెకు బాలనటుల ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. అదే ఏడాది 'ఫస్ట్ లవ్'లో రాబర్ట్ స్టాక్ ఆమెను ముద్దు పెట్టుకుంటే అది పత్రికల మొదటి పేజీ వార్త అయింది. యూరప్‌లో యుద్ధం మొదలైన సంవత్సరం, గుర్తుంచుకోండి. ఆడపిల్ల పెద్దదవడం కంపెనీకి ప్రచారం. ప్రేక్షకులకు మాత్రం అదొక అపచారం.

1941లో పాస్టర్నాక్, తర్వాత కొద్దికాలానికి కోస్టర్ యూనివర్సల్ వదిలి వెళ్లారు. ఆ పాత్రను కల్పించింది వాళ్లు. దాన్ని మెల్లగా పెద్దదాన్ని చేయడం తెలిసిందీ వాళ్లకే. ఆ 1941లోనే ఒక కథ నచ్చక ఆమె చేయనంటే కంపెనీ సస్పెండ్ చేసింది. కొన్ని నెలలు జీతం లేకుండా ఇంట్లో కూర్చుని, తర్వాత రాజీపడి తిరిగి వచ్చింది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్ల, పక్కన నిలబడే పెద్ద నిర్మాత లేడు. ఆ మొండితనం నాకిష్టం.

1944లో 'క్రిస్మస్ హాలిడే' చేసింది. దర్శకుడు రాబర్ట్ సియోడ్‌మాక్. పేరు చూసి పండగ సినిమా అనుకుని పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకు హంతకుడి భార్యగా, రాత్రి క్లబ్బులో పాడే మనిషిగా డర్బిన్ కనిపించింది. హంతకుడు నాట్యానికి పేరుపడ్డ జీన్ కెల్లీ, ఇందులో ఒక్క అడుగు కూడా నాట్యం చేయడు. డబ్బులు బాగానే వచ్చాయి. కానీ అభిమానులకు మింగుడుపడలేదు. నా మట్టుకు ఆ గొంతుకు తగ్గ వయసు కథలో దొరికింది ఆ ఒక్కసారే. అందులో 'ఆల్వేస్' అనే పాత పాటను అలసటతో, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడుతుంది. సొప్రానో గొప్పలన్నీ పక్కన పెట్టేసి పాడింది. అది ఇంకా కష్టం.

తర్వాత మళ్లీ పాత గాడి. 1946లో యూనివర్సల్ ఇంకో సంస్థతో కలిసిపోయి కొత్త యాజమాన్యం వచ్చింది. 1948లో 'అప్ ఇన్ సెంట్రల్ పార్క్' అని ఒక బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) మ్యూజికల్‌ని సినిమా తీస్తూ, అందులో పాటల్నే చాలావరకు కోసేశారు. పాడే మనిషిని పెట్టుకుని పాటలు కోయడం ఏం తెలివో! అదే ఏడాది వచ్చిన 'ఫర్ ద లవ్ ఆఫ్ మేరీ' ఆఖరిది. మొత్తం 21 సినిమాలు.

1950 డిసెంబర్‌లో, 'లేడీ ఆన్ ఎ ట్రైన్' తీసిన చార్లెస్ డేవిడ్‌ని పెళ్లి చేసుకుంది. ఆమెకు అది మూడో పెళ్లి. ప్యారిస్‌కు పడమర నోఫ్ల్-లె-షాతో అనే ఊళ్లో కాపురం పెట్టారు. తనను పత్రికలకు దూరంగా ఉంచాలన్నదే ఆమె షరతు అంటారు. 1999లో ఆయన పోయేదాకా అలాగే గడిచింది. విచిత్రమేమిటంటే 1978 చివర్లో ఇరాన్ మతనాయకుడు ఖొమైనీ అదే ఊళ్లో కొన్ని నెలలు ఉన్నాడు. ప్రపంచంలోని విలేకరులంతా ఆ వీధుల్లోనే తిరిగారు. వాళ్లలో ఒక్కరైనా ఆమె తలుపు తట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు, తట్టినా ఆమె తీసేది కాదనుకోండి.

1983లో మాత్రం డేవిడ్ షిప్‌మన్ అనే బ్రిటిష్ సినిమా రచయితకు ఒక ఇంటర్వ్యూ ఇచ్చింది. అందులో ఏడుపు లేదు. తన ఆఖరి నాలుగు సినిమాలు చూస్తే ఎందుకు మానేశానో మీకే తెలుస్తుందనీ, అందరికంటే ఎక్కువ జీతం తనదైతే, అందరికంటే నాసి కథలూ తనవేననీ చెప్పింది. 2013 ఏప్రిల్‌లో, 91 ఏళ్ల వయసులో పోయింది.

గార్లండ్ 1969లో లండన్‌లో 47 ఏళ్లకే నిద్రమాత్రల మోతాదు మించి పోయింది. ఈ రెండు చావుల్ని పక్కపక్కన పెట్టి ఒకరిది తెలివి, ఇంకొకరిది తెలివితక్కువ అనే ఉత్తరాలు రెండు వచ్చాయి. అవి వేయను. గార్లండ్‌కు చిన్నప్పుడే బరువు తగ్గడానికి, మెలకువగా ఉండటానికి మాత్రలు ఇచ్చింది ఆమెను పని చేయించుకున్న పెద్దవాళ్లు. ఆ పిల్ల అడిగి తీసుకున్నవి కావు.

ప్ర: ఆమె సినిమాలన్నీ నలుపు తెలుపేనా? మా మనవరాలు రంగులు లేకపోతే చూడదు.

జ: ఒక్కటి రంగుల్లో ఉంది. 1944 నాటి 'కాంట్ హెల్ప్ సింగింగ్', టెక్నికలర్, సంగీతం జెరోమ్ కెర్న్. కథ అంతంత మాత్రమే. యూటా కొండల మధ్య గుర్రబ్బండ్లు, పెద్ద టోపీలు, బోలెడు పాటలు. మనవరాలికి నచ్చవచ్చు. మొదటి పావుగంట దాటేదాకా కుర్చీలోంచి లేవనివ్వకండి.